‘సెప్పు’ తప్పెవరిది? – కళింగాంధ్ర హల్లుల విషయంలో ఒక అభ్యంతరం

కళింగాంధ్ర మాండలికంపై తెలుగు శాఖలలో జరిగే పరిశోధనలలో ఒక పట్టిక తరచుగా కనిపిస్తుంది. ఎడమ వరుసకు ‘ప్రామాణిక రూపం’ అని, కుడి వరుసకు ‘మాండలిక రూపం’ అని పేర్లు. చెప్పు – సెప్పు, చెరువు – సెరువు, విను – ఇను, వెళ్ళు – ఎల్లు, నీళ్ళు – నీల్లు, గుణం – గునం, వస్తాను – వత్తాను. పట్టిక కింద నాలుగు వాక్యాలుంటాయి: చకారం సకారమైంది, వకారం లోపించింది, ళకారం లకారమైంది, ణకారం నకారమైంది. పరిశోధకుడికి కొంత చొరవ ఉంటే కారణం కూడా తోడవుతుంది: ఉచ్చారణ సౌలభ్యం, నిరక్షరాస్యత, ఒడియా ప్రభావం. ధ్వని విచారణ అంతటితో ముగిసి, అధ్యాయం సామెతల వైపు, పొడుపుకథల వైపు హాయిగా సాగిపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో లక్షలాదిమంది నోట పలికే హల్లుల వ్యవస్థకు సిద్ధాంత గ్రంథంలో దక్కే చోటు ఒక పుట.

ఆ పుట వర్ణన కాదు, తీర్పు. ‘మారింది’, ‘లోపించింది’ అనే క్రియలకు కర్త ఎవరో, ఏ రూపం నుండి మారిందో అడిగితే ఆ పట్టిక నిలబడదు. పాలకొండలో వినిపించే ‘సెప్పు’ గుంటూరులో వినిపించే ‘చెప్పు’ నుండి పుట్టలేదు. రెండూ ఒకే పూర్వరూపానికి వారసులు. అన్న ముఖాన్ని కొలతగా పెట్టుకొని తమ్ముడి ముక్కు వంకర అన్నట్టుగా, మధ్యాంధ్ర పలుకుబడిని మూలంగా పెట్టుకొని తూర్పు పలుకుబడిని దాని వికారంగా చూపడం చారిత్రక భాషాశాస్త్రం అంగీకరించే పద్ధతి కాదు. ఈ సంగతి భాషాశాస్త్రం ఒక పత్రంగా చదివిన ప్రతి ఎం.ఏ. విద్యార్థికీ తెలుసు. తెలిసినా పట్టిక మారదు.

సోమరి నాలుక సిద్ధాంతాన్ని మొదట పరిశీలించాలి. చకారం పలకడం కష్టం కనుక సకారం పలుకుతారన్నది ఆ వాదం. దీనికి సమాధానం చెప్పే మాట ఒకటి ఆ ప్రాంతంలో ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తుంది: ‘సచ్చిపోనాడు’. అదే మాటలో, అదే నోట, అదే క్షణంలో మొదటి చకారం సకారమైంది. పక్కనే ఉన్న ద్విత్వ చకారం చెక్కుచెదరలేదు. చకారం పలకలేని నాలుక ‘చ్చ’ను ఎలా పలికింది? ‘వచ్చినాడు’ అన్నవాడు ‘వస్సినాడు’ అనడు. ‘పిచ్చి’ ‘పిస్సి’ కాదు. ‘మంచి’ని ‘మంసి’ అని, ‘కంచం’ను ‘కంసం’ అని పలికేవాడు ఆ మండలంలో దొరకడు. ‘దాచుకున్నాడు’ మాత్రం ‘దాసుకున్నాడు’ అవుతుంది. అంటే చకారం పదాదిలోనూ, రెండు అచ్చుల నడుమా మెత్తబడి ఊష్మమవుతుంది. ద్విత్వంలోనూ, అనునాసికం తరువాతా గట్టిగా నిలుస్తుంది. ఇది సూత్రం. పాణిని సంప్రదాయంలో తర్ఫీదైన పండితుడు ఇంత స్పష్టమైన పరిసర నియమాన్ని సంస్కృతంలో చూస్తే సూత్రం రాసి మురిసిపోతాడు. తెలుగు పల్లెలో చూస్తే పట్టికలో పడేసి ‘వర్ణాదేశం’ అని ఊరుకొంటాడు.

ప్రామాణిక భాషకు ఈ చ–స మార్పిడి పరాయిదా అంటే అదీ కాదు. వచ్చు – వస్తాను, తెచ్చు – తెస్తాను, ఇచ్చు – ఇస్తాను అనే జంటలను పాఠ్యపుస్తకమే నేర్పుతుంది. తకారం ముందు చకారం సకారమైతే అది వ్యాకరణం. పదాదిలో అయితే అపభ్రంశం.

ద్రావిడ కుటుంబంలోకి చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. తెలుగు ‘చచ్చు’, ‘చావు’లకు సమానమైన ధాతువు గోండీ, కొండ, కుయి భాషలలో సకారాదిగా ఉంది, కువిలో ఆ సకారం కూడా హకారమైంది. భద్రిరాజు కృష్ణమూర్తి గోండీ మాండలికాలలో సకారం హకారమై, చివరకు శూన్యమయ్యే క్రమాన్ని 1998లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో నిరూపించారు; ధ్వని పరిణామం పదం నుండి పదానికి పాకుతూ పోతుందన్నది ఆయన జీవితకాల పరిశోధనలో ఒక ప్రధానాంశం. ఇక తెలుగునే తీసుకొంటే, కొలామీలో ‘సుప్’ అయిన వస్తువు తెలుగులో ‘ఉప్పు’. గోండీలో ‘సారుంగ్’ అయిన సంఖ్య తెలుగులో ‘ఆరు’. మూల ద్రావిడ చకారాన్ని ఈ మాటలలో తెలుగు సకారంగా కూడా మిగల్చలేదు, పూర్తిగా మింగివేసింది. ఉప్పును ‘చుప్పు’ అననందుకు ఏ తెలుగు ఆచార్యుడూ సిగ్గుపడడు. ‘సాలు’ అన్నందుకు మాత్రం సాలూరు రైతు సిగ్గుపడాలి.

కొండ, కువి భాషలు మాట్లాడే ప్రజలు సాలూరు, పార్వతీపురం కొండలలోనూ, వాటికి ఎగువనా ఉన్న మాట నిజమే. అంతమాత్రాన కళింగాంధ్ర సకారం ఆ భాషల నుండి దిగివచ్చిందని తేల్చడం తొందరపాటు. ఈ దిశలో మార్పు కుటుంబంలో సహజమని మాత్రమే ఆ సాక్ష్యం చెబుతుంది.

ఒడియా ప్రభావమనే వాదానికి ఆ కొద్దిపాటి ఆధారం కూడా లేదు. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, మందస ప్రాంతాల తెలుగుపై ఒడియా పదజాలం ముద్ర ఉన్నదన్న మాటను ఎవరూ కాదనరు. హల్లుల విషయంలో మాత్రం ఈ వాదం తలకిందులైనది. ఒడియాలో ణకారం ఉంది, ళకారం ఉంది. పదమధ్యంలో రెండూ నిక్కచ్చిగా పలుకుతారు. ‘గునం’, ‘నీల్లు’ అనే తెలుగువాడు ఆ పలుకుబడిని ఒడియా పొరుగువాడి దగ్గర నేర్చుకొనే అవకాశమే లేదు; నేర్చుకొని ఉంటే ణకార ళకారాలు మరింత బిగిసేవి. ఒడియా చకారం చకారంగానే ఉంది. ఊష్మాలలో శ, ష, స మూడూ ఒడియాలో ఒక్క సకారంగా పలకడం వాస్తవమే. అయితే దేశ్య తెలుగులో మొదటి నుండీ ఉన్నది సకారం ఒక్కటే. శకార షకారాలు సంస్కృతంతో వచ్చినవని వ్యాకర్తలే చెప్పారు. ఉన్న సొత్తును పొరుగింట అప్పు తెచ్చుకోనక్కరలేదు. వీటన్నిటికీ మించి, ‘సూడు’, ‘సెప్పు’ అనే పలుకులు తెలంగాణ పల్లెలలోనూ, రాయలసీమ పల్లెలలోనూ వినిపిస్తాయి. ‘వత్త’ అనే రూపం కరీంనగర్ ప్రాంతంలో ఉంది. అక్కడికి ఒడియా ఎట్లా వెళ్ళింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరకకపోవడం యాదృచ్ఛికం కాదు. ‘సెప్పు’, ‘ఇను’, ‘గునం’ అనే రూపాలు కేవలం ప్రాంతానికి చెందినవి కావు. కులం, చదువు, వృత్తి, వయస్సు వీటిని నిర్ణయిస్తాయి. శ్రీకాకుళం పట్టణపు అగ్రహారంలో పుట్టినవారు తరతరాలుగా ‘చెప్పు’ అనే అంటున్నారు, వారూ కళింగాంధ్రులే. వారి పలుకు పట్టికలో ఏ వరుసలో ఉంటుంది? సామాజిక భేదాన్ని భౌగోళిక భేదంగా రాసుకొంటే కులం పేరెత్తకుండా పని జరిగిపోతుంది. ‘ఉత్తరాంధ్ర యాస’ అనే ముద్దుపేరు వెనుక దాగినది ఇదే. యాస అన్నది ఎప్పుడూ ఎదుటివాడికే ఉంటుంది. చెప్పేవాడికి ఉండేది భాష.

సకార తకార సంయోగం సంగతి ఇంకా ఆసక్తికరం. వస్తాను – వత్తాను, చేస్తావు – సేత్తావు, చూస్తారు – సూత్తారు. ముందున్న ఊష్మం వెనుకనున్న స్పర్శంలో లీనమై ద్విత్వంగా మిగిలింది. లీనమైనా దాని కాలమాత్ర పోలేదు. అక్షరం గురువుగానే ఉంది. ఛందస్సు తెలిసినవారికి ఇది చెప్పనక్కరలేదు. షకార టకార సంయోగం కూడా ఇదే బాట పట్టింది: కష్టం – కట్టం, నష్టం – నట్టం. దీన్ని ‘సంయుక్తాక్షరాలు పలకలేని అసమర్థత’గా వర్ణించేవారు ‘పొత్తము’ అనే మాటను ఒకసారి తలచుకోవాలి. పుస్తకం నుండి ప్రాకృతం మీదుగా వచ్చిన ఆ మాటలో జరిగినది ‘వత్తాను’లో జరిగినదే. కావ్యభాషలో అది తద్భవం, అలంకారం. అలాగే శ్రేష్ఠి నుండి ‘సెట్టి’. ఇందులో మూడు ‘దోషాలు’ ఒకేసారి ఉన్నాయి: శకారం సకారమైంది, రేఫ పోయింది, షకారం ఠకారంలో కలిసి ద్విత్వమైంది. దోషాలన్నీ పేరు చివర గౌరవ వాచకమై కూర్చున్నాయి. పైగా చదువుకొన్నవారు దానికి మళ్ళీ శకారం తగిలించి ‘శెట్టి’ని చేశారు. తద్భవ ప్రకరణం చదివి పరీక్ష రాసిన విద్యార్థి అదే పరిణామాన్ని తన అమ్మ నోట విన్నప్పుడు గుర్తుపట్టలేకపోవడం ఎవరి బోధన ఫలితమో తెలుగు శాఖలు ఆలోచించవలసి ఉంది.

ఈ విషయంలో దూరదేశపు భాష ఒకటి మంచి తులనకు అందుతుంది. స్పెయిన్ దక్షిణాన ఆండలూసియాలో కూడా సకార తకారాలు కలిసిన చోట సకారం శ్వాసగా సడలి, తూర్పు భాగాలలో తరువాతి హల్లు ద్విత్వమవుతుంది. ‘పాస్తా’ను ‘పాత్తా’గా వినవచ్చు. స్పానిష్‌లో దకారం అనునాసికం తరువాత స్పర్శంగా నిలిచి, అచ్చుల నడుమ సడలుతుంది. ‘మంచి’, ‘దాసు’ల మధ్య కళింగాంధ్ర పాటించే విభజన కూడా ఆ కోవలోనిదే. అన్నిటికన్నా గుణపాఠం వంటిది అక్కడి ఊష్మాల కథ. మధ్య, ఉత్తర స్పెయిన్‌లో ‘కాసా’ అంటే ఇల్లు, నాలుక కొసను పళ్ళ మధ్య ఉంచి పలికే ‘కాథా’ అంటే వేట. దక్షిణ స్పెయిన్‌లో చాలాచోట్ల, కనేరీ దీవులలో, లాటిన్ అమెరికా అంతటా ఈ భేదం లేదు. భేదం సకారంలో కలిసిపోతే దాన్ని ‘సెసెయో’ అంటారు. ఆండలూసియాలోని కొన్ని పల్లెప్రాంతాలలో లాగా రెండవ ధ్వనిలో కలిసిపోతే ‘థెథెయో’ అంటారు. ధ్వనిశాస్త్ర దృష్టిలో రెండూ ఒకటే: రెండు వర్ణాలు ఒకటయ్యాయి. కాని స్పానిష్ మాతృభాషీయులలో అత్యధికుల పలుకుబడి అయిన సెసెయోను, 1713లో స్థాపితమైన స్పానిష్ అకాడమీ నేడు శిష్టోచ్చారణగానే గుర్తిస్తుంది. థెథెయోకు ఆ గౌరవం లేదు. అది పల్లెటూరి గుర్తుగానే మిగిలింది. ధ్వనిలో తేడా లేదు, పలికేవారి పలుకుబడిలో తేడా ఉంది. మెక్సికో నగరంలో, లీమాలో, బ్వేనస్ ఐరెస్‌లో విశ్వవిద్యాలయాలు, పత్రికలు, ప్రభుత్వాలు ఉన్నాయి. కడీజ్ చుట్టుపక్కల రైతుకూలీలకు అవి లేవు.

తెలుగులోనూ ఇదే జరిగింది. హల్లుల విలీనాలను తెలుగు ఏనాడూ ఒకే తూకంతో తూచలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం వెలువడిన 1858 నాటికి రేఫ, శకటరేఫల భేదం గ్రాంథిక లక్షణంలో ప్రాణసమానం. ఏ మాటలో ఏది రాయాలో తెలియనివాడు కవి కాదు. నోటిలో ఆ భేదం అప్పటికే లేదు. నేడు రాతలోనూ లేదు. ఆచార్యులు, సంపాదకులు, మంత్రులు అందరూ రెండు రేఫలను ఒకటిగా పలుకుతారు. ఎవరి నాలుకా సోమరి కాలేదు. పదాది సంయుక్తాల కథ మరీ ఘాటైనది. క్రొత్త – కొత్త, ప్రొద్దు – పొద్దు, వ్రేలు – వేలు, వ్రాయు – రాయు, మ్రాను – మాను. ఒకప్పటి ‘గ్రామ్యం’ నేటి ప్రామాణికం. విజయనగరంలో పైడితల్లి సంబరానికి లేచే సిరిమానును ‘సిరిమ్రాను’ అని పిలవమని ఏ శుద్ధభాషావాదీ అడగలేదు. రేఫ జారిపోవడం కొత్త పద్ధతి, చకారం సడలిపోవడం తప్పు పద్ధతి అన్నప్పుడు వాటి మధ్య ధ్వనిశాస్త్ర భేదమేమిటో చూపవలసిన బాధ్యత అన్నవారిది. చూపలేరు. మొదటిదానిలో అగ్రహారాలూ పాల్గొన్నాయి, రెండవదానిలో పాల్గొనలేదు. తేడా అంతే.

అర్థభేదం నశిస్తుందన్న అభ్యంతరం తరచుగా వినవస్తుంది. దానికి కొంత బరువు ఉంది కనుక తోసిపుచ్చకూడదు. చారు, సారు ఒకటైతే ఎలా? కళ్ళు, కల్లు ఒకటైతే ఎలా? భోజనాల బంతిలో ‘సారు పొయ్యండి’ అంటే బడిపంతులును ఎవరూ ఎత్తిపొయ్యరు. ప్రామాణిక భాషలో ‘చాలు’ అంటే సరిపోవునన్న అర్థమూ ఉంది, నాగటి గాటి అన్న అర్థమూ ఉంది. ‘అరుగు’ తిన్నెనూ చెబుతుంది, జీర్ణం కావడాన్నీ చెబుతుంది. అర్థం సందర్భం నుండి తేలుతుంది. అవసరమైన చోట భాష వేరే మాటను ముందుకు తెచ్చుకొంటుంది. లాటిన్ అమెరికాలో ‘వండు’, ‘కుట్టు’ అనే క్రియలు రెండూ ‘కోసేర్’ అయిపోయినప్పుడు వంటకు ‘కోసినార్’ అనే మాట వాడుకలో బలపడింది. కళింగాంధ్రలో ఇటువంటి సర్దుబాట్లు ఏ మాటలలో జరిగాయో వెదకడం చక్కని పరిశోధనాంశం. అర్థభేదం పోతుందని బెంగపడేవారు ఆ వెదకులాటకు దిగితే బెంగ తీరడమే కాక భాషకు మేలు జరుగుతుంది.

ఇక గిడుగు పేరుతో వచ్చే అభ్యంతరం. వ్యావహారిక భాషోద్యమం కోరినది శిష్టజన వ్యావహారికమే కదా, ‘సెప్పు’ శిష్టం కాదు కదా అన్నది ఆ వాదం. మాట నిజమే. గిడుగు వేంకట రామమూర్తి రాతలో కోరినది చదువుకొన్నవారి వాడుక భాషనే. దాన్ని దాచి, ఆయనను సకల మాండలికాల ప్రతినిధిగా నిలబెట్టడం చరిత్రకు అన్యాయం. కాని శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన ఆ మనిషి మరొక పని కూడా చేశాడు. సవర భాష నేర్చుకొన్నాడు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో సవర – ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. సవరలో పదాంత స్పర్శాలు గొంతు బిగించి, విడుదల లేకుండా పలికేవి ఉన్నాయి. తెలుగు చెవికి అవి సగం మింగిన హల్లులుగా తోస్తాయి. గిడుగు వాటిని తెలుగు హల్లుల వికారాలుగా పట్టిక వెయ్యలేదు. ఆ భాషకు ఉన్న ధ్వనులుగా వాటి తీరును వాటికే వర్ణించాడు. ఒక కొండజాతి భాషకు నూరేళ్ళనాడు దక్కిన శాస్త్రీయ మర్యాద, అదే జిల్లాలో మైదానపు తెలుగుకు నేటి తెలుగు శాఖలలో దక్కకపోవడం విడ్డూరం. గిడుగును ఏటా ఆగస్టు 29న పూలదండతో స్మరించేవారు ఆయన శిష్టవాదాన్ని పట్టుకొని, ఆయన పద్ధతిని వదిలేశారు.

సాహిత్య విమర్శ కూడా ఈ విషయంలో చేతులు కడుక్కోలేదు. గురజాడ కన్యాశుల్కంలో పాత్రల స్థాయిని బట్టి భాష మారుతుంది. రాచకొండ విశ్వనాథశాస్త్రి, కాళీపట్నం రామారావు మొదలుకొని నేటివరకు ఈ ప్రాంత కథకులు పల్లె పలుకును అక్షరాలలోకి తెచ్చారు. తెలుగు కథకు అది తీరని రుణం. కాని ఆ అక్షరాలను ధ్వని సాక్ష్యంగా వాడేటప్పుడు పరిశోధకుడు ఒక సంగతి మరచిపోతాడు. కథలో కూలివాడు ‘సెప్పు’ అంటే సకారంతో అచ్చవుతుంది. వకీలు ‘చదువు’లో చకారాన్ని దంత్యంగా పలికినా, ‘శనివారం’లో శకారాన్ని సగం సకారంగా పలికినా, ‘ఋషి’ని ‘రుషి’ అన్నా అచ్చులో పాఠ్యపుస్తకపు వర్ణక్రమమే ఉంటుంది. అంటే చదువుకొన్నవాడి నోటికి లిపి తెర కట్టింది, చదువుకోనివాడి నోటికి అద్దం పట్టింది. ఒకడి మాట రాతగా, మరొకడి మాట ధ్వనిగా నమోదైన చోట ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ‘ప్రామాణికం – మాండలికం’ అని పోల్చడం పద్ధతి దోషం. శ్రీకాకుళంలో కాళీపట్నం 1997లో నెలకొల్పిన కథానిలయంలో ఈ కథలన్నీ భద్రంగా ఉన్నాయి. రచయితలు ఏ ధ్వనిని ఎవరి నోట రాయడానికి ఎంచుకొన్నారన్న ప్రశ్నకు అవి అమూల్యమైన ఆధారం. పాలకొండ రైతు ఎలా పలికాడన్న ప్రశ్నకు ఆధారం పాలకొండ రైతే.

ఈ చర్చ ఆచార్యుల మధ్య ముచ్చటగా మిగిలితే ఇంత ఘాటు అవసరం లేదు. తెలుగు శాఖలలో చదివినవారు రేపు బడి పంతుళ్ళవుతారు. రెండవ తరగతి పిల్ల ‘సెరువు’ అని చదివితే ఆపి దిద్దాలా, సాగనివ్వాలా అన్నది వారు రోజూ తీసుకొనే నిర్ణయం. ఆ నిర్ణయాన్ని వారికి నేర్పేది ఈ పట్టికే. వర్ణక్రమం ఒకటిగా ఉండాలన్నది వేరు, పలుకు ఒకటిగా ఉండాలన్నది వేరు. ‘చ’ అనే అక్షరం ఇప్పటికే రెండు ధ్వనులకు గుర్తు: ‘చదువు’లో దంత్యం, ‘చెట్టు’లో తాలవ్యం. రెండు ధ్వనులను మోసిన అక్షరం మూడవదాన్ని మోయలేకపోదు. మెక్సికో పిల్లవాడు రెండు వేర్వేరు అక్షరాలను ఒకే సకారంగా చదువుతూ, వాటి వర్ణక్రమాన్ని విడిగా నేర్చుకొంటాడు. స్పెయిన్ రాజధానివాడిలా పలకమని ఏ గురువూ అతని నోటికి కర్ర పెట్టడు. తెలుగు పిల్లలు రెండు రేఫల విషయంలో, హ్రస్వ ‘రు’గా పలికే ఋకారం విషయంలో చేస్తున్నదీ అదే. ‘చెరువు’ అని రాసి ‘సెరువు’ అని చదివే పిల్లకు రాత వచ్చినట్టే లెక్క. ఆమెకు రానిదల్లా పంతులుగారి పలుకు.

దిద్దుబాటు ఫలితం ఏమిటో చూడాలంటే చదువుకొన్నవారి రాతలే చాలు. సకారం పలికితే పల్లెటూరివాడనుకొంటారన్న భయం ‘సెలవు’ను ‘శెలవు’ చేసింది, ‘సెనగ’ను ‘శనగ’ చేసింది. దేశ్యపదాలకు లేని శకారం వచ్చి చేరడం శుద్ధత కాదు, జంకు. దీన్ని ఏ పట్టికా దోషంగా చూపదు. పత్రికల అచ్చులో ‘పెళ్లి’, ‘నీళ్లు’ అని ళకారం కింద లకారపు ఒత్తు నిలకడైపోయింది. అచ్చుయంత్రం చేత సగం దూరం నడిచిన ళకారాన్ని ఎవరూ తప్పుపట్టరు, పూర్తి దూరం నడిచిన ‘పెల్లి’ని మాత్రం తప్పుపడతారు.

చేయవలసిన పని చాలా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962 నాటి మాండలిక వృత్తిపదకోశం, వ్యవసాయ పదాల ఆధారంగా తెలుగును నాలుగు మండలాలుగా విభజించి, నాటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలను పూర్వమండలంగా గుర్తించింది. అది పదాల గీత. హల్లుల గీతలు దాని మీదే పడతాయన్న హామీ లేదు. 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లా సరిహద్దు మీద అసలే పడవు. భాషకు రెవెన్యూ శాఖ హద్దురాళ్ళతో పని లేదు. ‘ప్రామాణిక రూపం’ అనే ఎడమ వరుసను తీసివేసి, ఆ స్థానంలో పరిసరాన్ని రాయాలి: పదాది, అచ్చుల నడుమ, ద్విత్వం, అనునాసికం తరువాత. కుడి వరుసలో ఒక్క రూపం కాక ఎవరు, ఏ ఊరు, ఏ వయస్సు, ఎంతవరకు చదివారు, ఎవరితో మాట్లాడుతున్నారు అన్నవి ఉండాలి. ‘సక్రం’ అనే నోరు ‘చాక్లెట్’ను ఏమంటుందో, బస్సు ‘చార్జీ’ని ఏమంటుందో అడగాలి, కొత్తగా చేరిన మాటలలో సూత్రం పనిచేస్తున్నదో లేదో తేల్చేది అవే. ‘వత్తాను’ అన్న తల్లి, ఫోనులో ‘వస్తాను’ అన్న కొడుకు, ఇద్దరినీ ఒకే ఇంట వినాలి. భీమిలి నుండి బారువ వరకు తీరం వెంబడి వేటకు పోయే ఊళ్ళ పలుకు, బొబ్బిలి, రాజాం పంటచేల పలుకు, సీతంపేట గుట్టలలో జాతాపులు, సవరలు మాట్లాడే తెలుగు, మూడింటినీ ఒక్క ‘ఉత్తరాంధ్ర’ అనే సంచిలో వెయ్యకూడదు. పరిశోధకుడు తన ఊరివాడే అయినా వ్యక్తి చేత జాబితా చదివించకూడదు. కాగితం చేతికిస్తే ఎవరైనా బడి గొంతు తెచ్చుకొంటారు. పొలం, వాన, పెళ్ళిఖర్చు, వలసపోయిన పిల్లల కబురు మాట్లాడించి, ఆ మాటను ధ్వనిముద్రణగానే భద్రపరచాలి. సిద్ధాంత గ్రంథంతో పాటు ఆ ముద్రణను కూడా శాఖకు సమర్పించాలన్న నియమం పెడితే, పర్యవేక్షకులు మొదట వినవలసి వస్తుంది, తరువాతే సంతకం.